పిలిచినవాళ్ళే పంపాలి

మొన్న పత్తికొండలో గడ్డం గీయించుకుంటూ, సగంలో లేచి బయటికి పరుగెత్తాను. మెడ చుట్టూ తెల్లగుడ్డ, ఎడమ చెంప నున్నగా, కుడి చెంప నిండా నురగ. టమోటా బుట్టలు వేసుకుని మార్కెట్టుకు పోతున్న ఆటో డ్రైవరు నన్ను చూసి, ఆటో ఆపి మరీ నవ్వాడు.

"ఏమన్నా, కత్తి తగిల్నాదా? యాడికి పోతాండావు?" అని సెలూనాయన లోపలి నుంచి అరిచాడు.

కత్తి తగల్లేదు. ఆయన ఫోన్ మోగింది, అంతే. రింగుటోనులో ఒక ముసలి గొంతు, దాని వెనక ఉరుము వాద్యం గుర్రుమంటూ: "దిగిరా... దిగిరా... దిగిరా తల్లీ..." ఆ పాట రికార్డు చేసింది నేనే. ఆల్బమ్ కట్టి లోకం మీదికి వదిలింది కూడా నేనే. ఊళ్ళో నా పాట మోగితే కాలరెగరేసుకుని కూర్చోవలసినవాణ్ణి, సెలూన్ వెనక మురుక్కాలువ పక్కన నిలబడి, నోట్లోకి కారుతున్న నురగ ఉమ్ముకుంటూ ఇంకో పాట గొణిగాను. అది పూర్తవడానికి పది నిమిషాలు పట్టింది. తిరిగొచ్చి కూర్చునేసరికి కుడి చెంప మీద నురగ ఎండి పెచ్చు కట్టింది.

"ఎవురితో మాట్లాడ్తాంటివన్నా ఆడ?"

"మాట్లాడలేదప్పా. ఒకరిని పంపించొచ్చినా."

కత్తి గాలిలో ఆగింది. ఆయన కిటికీలోంచి వెనక్కి తొంగిచూశాడు. కాలువ తప్ప ఏమీ లేదు. మిగతా గడ్డం చాలా జాగ్రత్తగా, వీలైనంత దూరంగా నిలబడి గీశాడు.

ఆ రెండో పాట ఎందుకు గొణిగానో చెప్పాలంటే రింగుటోనులో పాడిన ముసలాయన గురించి చెప్పాలి. ఆయన పోయి రెండు నెలలు. పేరు రాయను. ఆయనే వద్దన్నాడు. ఆల్బమ్ బొమ్మ మీద పేరు వేస్తానంటే అడ్డంగా తలూపాడు. "పేరేస్తే ఆయమ్మకు అడ్రసు ఇచ్చినట్లే గదప్పా" అన్నాడు. ఆయమ్మ అంటే అమ్మవారు. ఆయన జాతరల్లో అమ్మవారిని పాటతో పిలిచేవాడు. పిలిచి, మొక్కులు తీరాక, మళ్ళీ పాటతోనే ఊరి పొలిమేర దాటించి సాగనంపేవాడు. నేను తెలుసుకున్నది చాలా ఆలస్యంగానే గానీ, ఆయన బతుకంతా రెండో పనిలోనే ఉంది.

మనిషి దేన్నీ మధ్యలో వదల్లేడు. టీ తాగితే గ్లాసు బోర్లించి, దాని నెత్తిన వేలితో ఒకసారి తట్టేవాడు. బస్సు దిగితే అది కదిలేదాకా నిలబడి, పక్కరేకు మీద అరచేత్తో చరిచి "పోయిరా" అనేవాడు. కండక్టరుకు కాదు, బస్సుకు. ఇక ఫోన్లో అయితే మాట అయిపోయాక పెట్టెయ్యడం ఆయన చేత అయ్యేది కాదు. "పెట్టేస్తాండా... ఇంగ పెట్టేస్తాండా... నువ్వు పెట్టు... ఉండావా?" అని అటు నుంచి గొంతు వస్తూనే ఉండేది. నేను ముందు కట్ చేస్తే నొచ్చుకుంటాడని పట్టుకుని కూర్చునేవాణ్ణి. పన్నెండు కిలోమీటర్ల దూరంలో చెరోవైపు కూర్చుని ఇద్దరం ఊపిరి వింటూ ఉండేవాళ్ళం. మా అమ్మ ఒకరోజు అడిగింది, "ఎవరబ్బా ఆ పిల్ల?" అని.

నేను ఆయన ఊరికి ఎన్నిసార్లు పోయినా, తిరిగి వచ్చేటప్పుడు ఎండలో చెప్పుల్లేకుండా బండి వెంబడి ఊరి చివరి బండరాయి దాకా నడిచి వచ్చేవాడు. "ఎందుకు తాతా, నాకు దారి తెలుసు" అంటే, "నీకు తెలుసప్పా. పొయ్యేటోన్ని పంపీకుంటే పొయ్యేది సగమే పోతాది, సగం ఈన్నే ఉంటాది" అనేవాడు. నాలో పోయే సగం ఏది, ఉండే సగం ఏది అని నేను అడిగేవాణ్ణి. ఆయన నవ్వేవాడు కాదు. నా జోకులకు ఆయన నవ్వింది మొత్తం మీద రెండుసార్లు. అందులో ఒకటి దగ్గేమోనని నాకిప్పటికీ అనుమానం.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మాది ఎరువులు, పురుగుమందుల కొట్టు. నేను హైదరాబాదులో ఒక డబ్బింగ్ స్టూడియోలో నాలుగేళ్ళు పనిచేశాను. సీరియళ్ళలో అత్తగార్లు తీసే అనవసరమైన నిట్టూర్పులు చెరిపెయ్యడం నా ఉద్యోగం. స్టూడియో మూతపడింది. రెండు మైకులు, ఒక లాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చాను. ఒక జాతరలో ఆయన గొంతు విన్నాను. చెరపడానికి ఏమీ లేని గొంతు అది. ఏ కంపెనీ గుమ్మం తొక్కకుండా సొంతంగా ఆల్బమ్ చెయ్యాలని అప్పుడే అనుకున్నాను. దీన్ని స్వతంత్ర సంగీతం అంటారు. ఎవరూ మనల్ని అడగలేదన్న దానికి అది మర్యాదైన పేరు.

రికార్డింగు మా కొట్టు వెనక గోడౌన్లో. మూడు వైపులా యూరియా మూటలు నిలువెత్తు పేరిస్తే గదిలో ప్రతిధ్వని చచ్చిపోయింది. హైదరాబాదు స్టూడియోలో గోడలకు అంటించిన ఖరీదైన స్పాంజి కూడా అంత బాగా పనిచెయ్యలేదు. మే నెల. ఫ్యాన్ వేస్తే శబ్దం, వెయ్యకపోతే చావు. ఆయన ఉరుము భుజానికి తగిలించుకుని వచ్చాడు. అది రెండు ముఖాల వాద్యం. ఒకవైపు కొడతారు, రెండో వైపు వంపు పుల్లతో రుద్దుతారు. రుద్దితే దూరాన మబ్బు కదిలినట్టు గుర్రుమంటుంది. ఆయన వెంట ఆయన భార్య వచ్చింది. నేను ఆమెను అవ్వా అనేవాణ్ణి. ఆమె మూటకు చేరగిలబడి వక్క నములుతూ కూర్చుంది.

మొదటిసారి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి ఆయన గొంతు ఆయనకే వినిపించాను. కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు. తీసి నా చేతికిచ్చి, "వీడెవుడో బాగా పిలుస్తాండాడు. పంపేది వచ్చునా వీనికి?" అన్నాడు.

అవ్వ మూట దగ్గర్నుంచి అంది: "ఏమో. చూస్తే అంత తెలివిగల్లోని గొంతు మాదిరి లేదు."

రెండో రోజు పిలుపు పాట పాడుతున్నాడు. మూడో చరణం. ముందు కొట్లో మా నాయన ఎవరో ఆడమనిషికి టమోటా తోటకు మందు ఇస్తున్నాడు. ఉన్నట్టుండి డబ్బాలు పడిన చప్పుడు, ఆ వెంటనే ఒక కేక. నేను పోయి చూసేసరికి ఆమె జుట్టు విరబోసుకుని, కొట్టు మధ్యలో నిలబడి ఊగుతోంది. కళ్ళు మా ఎవరినీ చూడడం లేదు. మా నాయన గల్లాపెట్టె వెనక గోడకు అతుక్కుపోయాడు. నిజం చెప్తున్నాను, నేను వెనక్కి తిరిగి చూసింది గోడౌన్లో మైకు ఆన్‌లో ఉందా లేదా అని. అంత భయంలోనూ అదొకటి చూశాను.

ఆయన ఉరుముతోనే బయటికి వచ్చాడు. తొందర లేదు. ఆమె ఎదుట నిలబడి సాగనంపు పాట ఎత్తుకున్నాడు. అది పిలుపులా కేకలు వేసే పాట కాదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని పంపేటప్పుడు మాట్లాడినట్టుంటుంది. సద్దిమూట కట్టినాము తల్లీ, చెప్పులు ముందర పెట్టినాము తల్లీ, దారిలో ఏటి దగ్గర జాగర్త తల్లీ, అలా. వెనక్కి వెనక్కి నడుస్తూ పాడాడు. ఆమె ఆయన వెంబడి నడిచింది. మెయిన్‌రోడ్డు మీద, బస్సులు ఆగి చూస్తుండగా, మార్కెట్టు చివరిదాకా పోయారు. అక్కడ ఆమె కూలబడి నీళ్ళడిగింది. తరవాత జుట్టు ముడేసుకుంటూ అడిగింది, "మందు ఇచ్చినారా, ఇంగా ఇయ్యల్లనా?"

ఆ సాయంత్రం మా నాయన చాలా మర్యాదగా అన్నాడు: "నీ స్టూడియోకు నా కొట్టు అడ్డమైతే చెప్పు నాయనా, తీసేస్తా."

నేను గోడౌన్లోకి పోయి నవ్వడానికి ప్రయత్నించాను. "తాతా, పిలిస్తే వచ్చేస్తారే! మా కరెంటాఫీసుకు గూడా ఒకసారి పిలుపు పాడరాదా?"

ఆయన ఉరుము విప్పి కింద పెడుతున్నాడు. "పిల్చేది యా నాకొడుకైనా పిలుస్తాడు. పంపేదే విద్దె" అన్నాడు. "పంపీకుంటే పిల్చినోని ఇంట్లో కూచుంటాది. వాన్ని ఏమీ చెయ్యదు. వాని పక్కనుండేటోళ్ళను తీస్కపోతాది. మా నాయన ఒగసారి పంపే పాట మధ్యలో వానొచ్చిందని నిలిపినాడు. రేపు పాడతాలే అన్న్యాడు."

"ఏమైంది?"

"నాకొక అన్న ఉండె" అన్నాడు.

అంతే. అవ్వ వక్క నమలడం ఆపింది. ఇంట్లో ఇప్పుడు ఉన్నది వాళ్ళిద్దరే. పిలిచేవాడు ఆయన. పక్కనుండేది ఆమె. ఆయన ఆమె వైపు చూడకుండా ఉండడానికి చాలా కష్టపడుతున్నాడని నాకు అప్పుడు అర్థమైంది. నాకు తెలిసిన భయాలు పరీక్షలవీ, కుక్కలవీ. ఇది వేరే జాతి. యాభై ఏళ్ళుగా రోజూ ఒకే మనిషి కోసం పడుతున్న భయం.

ఇంత తెలిసీ నేను చేసిన పని ఇది: జాతరలో పొద్దున పిలుపుతో మొదలై సాయంత్రం సాగనంపుతో ముగిసే ఒకే పాటను తొమ్మిది ముక్కలు చేశాను. గంటకు పైబడిన పాట ఈ కాలంలో ఎవడు వింటాడు? మొదటి ముక్క పిలుపు, తొమ్మిదోది సాగనంపు. మధ్యలో మొక్కులవీ, వేపాకువీ, చీరవీ. పాటల్ని అన్ని యాప్‌లలోకీ ఎక్కించే ఒక వెబ్‌సైటుకు డబ్బు కట్టి ఎక్కించేశాను. ముక్కలు చేసిన సంగతి ఆయనకు చెప్పాను. మా వరండాలో కూర్చుని విన్నాడు.

"ఇనేటోళ్ళు కడాకు ఇంటారా?"

"వింటారు తాతా."

"అందరూ?"

"అందరూ. మధ్యలో లేస్తే ఫోనే కరుస్తుంది."

నవ్వలేదు. గ్లాసు బోర్లించి తట్టాడు. నా మాట నమ్మాడు. అదీ నన్ను ఇప్పుడు సెలూన్ల నుంచి తరిమేది.

నెలన్నర దాకా ఆల్బమ్ సంగతి మా ఇంట్లో తప్ప ఎవరికీ తెలియదు. తరవాత ఎవరో ఒక నాయకుడు కారు దిగే వీడియోకు పిలుపు పాట పెట్టారు. తలుపు తెరుచుకుంటుంది, తెల్లచెప్పు నేల మీద ఆనుతుంది, వెనక "దిగిరా... దిగిరా..." కుదిరింది మరి. ఆ తరవాత ఊరూరా దిగేవాళ్ళంతా దానికే దిగారు. పెళ్ళికొడుకులు గుర్రం దిగారు. ఒకడు కొత్త ట్రాక్టరు దిగాడు. ఒక కుక్క మేడమెట్లు దిగింది, దానికి అందరికన్నా ఎక్కువ లైకులు వచ్చాయి. విన్నవాళ్ళ లెక్క వందలు దాటి వేలల్లో పడింది. నేను బండేసుకుని ఆయన ఊరికి ఎగురుకుంటూ పోయాను.

ఆయన ఇంటి ముందు అరుగు మీద పుల్లకు నూనె రాస్తున్నాడు. ఫోన్ చూపించాను. "చూడు తాతా, ఇంతమంది!"

"ఇంతమంది పిల్చినారా?"

"అవును!"

"పంపినోళ్ళు?"

తొమ్మిదో పాట పక్కన అంకె నాలుగు. అందులో రెండు నావి, ఒకటి మా అమ్మది, ఒకటి ఎవరిదో వేలు జారినది. చెప్పాను. చెప్తూ నవ్వాను కూడా.

ఆయన పుల్ల పక్కన పెట్టాడు. మొహంలో రంగు పోవడం అంటే మాటవరసకు అనేది అనుకునేవాణ్ణి. పెదాలు బూడిదలా అయ్యాయి. ఇంట్లోకి చూసి, "ఏమే, యాడుండావు?" అని పిలిచాడు. "ఈన్నే ఉండా, యాడికి పోతా, చుట్టాలింటికా" అని లోపలి నుంచి అవ్వ గొంతు వచ్చింది. ఆ గొంతు వినేదాకా ఆయన ఊపిరి తియ్యలేదు. అది నేను కళ్ళారా చూశాను.

"నా గొంతే గదప్పా పిల్చేది" అన్నాడు. "వాళ్ళు వత్తేది వత్తుతాండారు, పిల్చేది నేను. అంతమందీ పిల్చి వదిలేసినారు. యాడ కూచుంటాది?"

మరునాటి నుంచి ఆయన సాగనంపడం మొదలుపెట్టాడు. పొద్దున ఒకటి, ఎండ వాలాక ఇంకొకటి. ఇంటి ముందు ఎత్తుకుని వెనక్కి నడుస్తూ బండరాయి దాకా. వారం తిరిగేసరికి రోజుకు నాలుగూ ఆరూ అయ్యాయి. ఊళ్ళోవాళ్ళు మొదట దండం పెట్టారు, తరవాత నవ్వారు, ఆ తరవాత పక్క వీధిలోంచి పోవడం అలవాటు చేసుకున్నారు. ఎవరూ కనబడని రోడ్డులో ఒక ముసలాయన ఎవరినో బతిమాలుతూ వెనక్కి వెనక్కి నడుస్తుంటే ఎవరు మాత్రం ఎదురొస్తారు? రోజూ నాకు ఫోన్ చేసేవాడు. "ఈ పొద్దు ఎన్ని?" నేను తగ్గించి చెప్పేవాణ్ణి. రెండు వందలుంటే ఇరవై. ఇరవై అన్నా అటు నుంచి వచ్చేది ఒకటే మాట: "సరే. పాడతా. పెట్టేస్తాండా. పెట్టు. ఉండావా?"

"తీసేయప్పా దాన్ని" అని అడిగాడు ఒకరోజు.

"తీసేస్తా తాతా" అన్నాను. తియ్యలేదు. ఇరవై రోజులు తియ్యలేదు. ఎందుకంటే నా బతుకులో లోకం విన్నది ఆ ఒక్కటే. మూఢనమ్మకం అని నాకు నేను చెప్పుకున్నాను. చదువుకున్నవాడికి తన స్వార్థాన్ని పెట్టుకోవడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు.

మధ్యేమార్గంగా ఒక తెలివి చేశాను. పిలుపునూ సాగనంపునూ కలిపి ఒకే పాటగా ఎక్కించాను. ఇక పిలిచినవాడు పంపక తప్పదు! ఆ యాప్‌లో ఒక గీత కనిపిస్తుంది, వినేవాళ్ళు ఎక్కడిదాకా విన్నారో, ఎక్కడ మానేశారో. వారం తరవాత ఆయనకు చూపించాను. గీత కొంతదూరం తిన్నగా పోయి, పిలుపు అయ్యేచోట బావిలోకి దూకినట్టు పడిపోయింది. ఆయన వేలితో ఆ అంచు తడిమాడు.

"ఈడ అందరూ లేసిపోయినారు" అన్నాడు. "ఆయమ్మ ఒగతే కూచోనుంది."

ఆ గీత నేను వందసార్లు చూసినదే.

ఆ తరవాత వారమే అవ్వకు జ్వరం. ఫోన్లో ఆయన గొంతు గుర్తుపట్టలేదు నేను. పోయేసరికి ఆమె మంచం మీద ముడుచుకుని ఉంది, ఆయన కాళ్ళ దగ్గర నిలబడి సాగనంపుతున్నాడు. చమటతో చొక్కా వీపుకు అంటుకుంది. ఒకటి అవుతూనే ఊపిరి తిప్పుకోకుండా ఇంకొకటి. నేను ఆ మంచం పక్కనే కూలబడి, ఫోన్లోనే పాట తీసేశాను. తొమ్మిదీ తీసేశాను. "తీసేశా తాతా, తీసేశా" అని అరిచాను.

అవ్వ దుప్పటిలోంచి మొహం బయటపెట్టింది. "ఎండలో కట్టెలేరితే జరం రాక పూలదండ వస్తాదా? ఇద్దరూ రవంత గమ్మునుండి ఒగ మాత్ర ఇయ్యండి" అంది.

మాత్రలకు మూడు రోజుల్లో తగ్గింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. కానీ వదిలిన పాట తీసేస్తే పోతుందా? అప్పటికే అది వేల ఫోన్లలో కాపీ అయింది, నా చేతిలో లేదు. ఆయనకు ఈ ముక్క నేను చెప్పలేదు. వాళ్ళ ఊళ్ళోకి పెళ్ళి ఊరేగింపుతో వచ్చిన డీజే బండి చెప్పింది. ఆయన అరుగు దిగి, ఆ బండి వెంబడే నడుస్తూ సాగనంపాడట. పెద్ద పెద్ద స్పీకర్లలో ఆయన గొంతు పిలుస్తుంటే, కింద ఆయన గొంతు పంపుతోంది. ఏది నెగ్గి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

గొంతు ముందు బొంగురు పోయింది, తరవాత పూర్తిగా పోయింది. ఆపైన ఆయాసం. కర్నూలు పెద్దాసుపత్రిలో చేర్చాం. ఊపిరితిత్తులు, వయసు, బీడీలు అని డాక్టరు చెప్పాడు. నేను ఆ మాటను పూర్తిగా నమ్మాను, వార్డులోకి అడుగుపెట్టేదాకా.

మధ్యాహ్నం. వార్డంతా కొడుకులూ కోడళ్ళూ క్యారియర్లూ. అవ్వ మందులు తేవడానికి కిందికి పోయింది. ఆయన పెదాలు కదిపాడు. చెవి ఆనించాను.

"ఎన్ని?"

నేను దేన్నయినా జోకు చేసి చెప్పగలను. మా తాత చనిపోయినప్పుడు కూడా ఏదో అన్నానని మా పెద్దమ్మ ఇప్పటికీ నాతో మాట్లాడదు. ఆ క్షణాన ఒక్క మాట దొరకలేదు. జేబులో ఫోన్ ఉంది. అది తీస్తే ఎక్కడో ఎవడో దిగుతూనే ఉంటాడు.

"అయిపోయినాయి తాతా" అన్నాను. "యాడా మోగడం లేదు. ఒక్కటి గూడా లేదు."

"నవ్వకుండా చెప్పు."

"నవ్వడం లేదు తాతా. చూడు."

చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను. పక్క మంచం ఆయనకు అన్నం పెట్టడం మొదలై పూర్తయింది. తరవాత కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళు మాత్రం దుప్పటి అంచు మీద మెల్లగా రుద్దుతున్నాయి, ఉరుము మీద పుల్ల రుద్దినట్టు. నాలుగో రోజు ఇంటికి తీసుకుపోయాం. మర్నాడు పొద్దున పోయాడు.

పదకొండో దినం పనులయ్యాక జనం వెళ్ళిపోయారు. నేను అరుగు మీద నా చెప్పులు వెతుక్కుంటూ, ఆయన ఎన్నడూ వేసుకోని చెప్పుల్ని కూడా వెతుకుతున్నాను. అవ్వ వచ్చి పక్కన కూర్చుంది.

"ఆసుపత్రిలో నువ్వు ఆయప్పకు అబద్ధం చెప్పినావంట గదా" అంది.

"ఎవురు చెప్పినారు?"

"ఆయప్పే. నేను మందులు తెచ్చేలోపల కనిపెట్టేసినాడు. నేనొచ్చినంక చెవిలో చెప్పినాడు." ఆమె నా మొహం చూడకుండా వీధిలోకి చూస్తోంది. "బాగా భయపడి చెప్పినాడు పిల్లోడు, అన్న్యాడు. నవ్వేటోనికి ఇయ్యగూడదంట ఈ పని. భయపడేటోనికి ఇయ్యొచ్చంట."

"నాకా? అవ్వా, నాకు పాట రాదు. నేను పాడితే మా అమ్మ తలుపేసుకుంటాది."

"నువ్వే గదా వదిలింది. ఆయప్ప గొంతు మన్నైపోయ. పిల్చే గొంతు మాత్రం బతికే ఉండాది. ఇంగెవురు పంపల్ల? లెయ్."

"నాకు చరణాలు గూడా..."

"నాకొచ్చు. యాభై ఏండ్లు ఆయప్ప వెనక నడిచినా. మర్చిపోయిన చోటంతా అందిచ్చింది ఎవురనుకున్యావు, నీ మైకా?"

అలా మొదలైంది. వారానికి రెండుసార్లు పోతాను. ఆమె అరుగు మీద కూర్చుని మాట అందిస్తుంది, నేను వీధిలో నిలబడి పాడతాను. మొదటి రోజు సగం పాడేసరికి ఎదురింటి గేదె తాడు తెంపుకుంది. "ఆయమ్మ సంగతి తెల్దుగానీ, గొడ్డు మాత్రం పోయింది" అంది అవ్వ. రెండో వారానికి శ్రుతి దారిలో పడింది, దారి మాత్రం ఇంకా నాకు తెలియదు. రోజూ ఎన్ని ఫోన్లలో మోగుతోందో నేనిప్పుడు చూడడం లేదు. చూడనంత మాత్రాన మోగడం మానదని తెలుసు. నమ్ముతున్నావా అని స్నేహితులు అడుగుతారు. నమ్మకం సంగతి నాకు తెలియదు. భయపడుతున్నాను. అది చాలట.

నిన్న ఎండ వాలాక, అవ్వ ఇంటి ముందు వీధిలో, వెనక్కి నడుస్తూ నాలుగో చరణంలో ఉన్నాను. సద్దిమూట కట్టినాము తల్లీ. అవ్వ అరుగు మీద నుంచి అందిస్తోంది. ఉన్నట్టుండి దగ్గింది. మామూలు దగ్గే కావచ్చు. రెండోసారి దగ్గింది. మూడోసారికి వంగిపోయి స్తంభం పట్టుకుంది.

నా గొంతు ఆగబోయింది. కాలు ముందుకు పడబోయింది, ఆమె వైపు.

ఆమె తలెత్తకుండానే చెయ్యి ఎత్తి, పొలిమేర వైపు విసిరింది. పో, పాడు, అని.

నేను పాడుతూ వెనక్కి నడిచాను. ఆమె దగ్గుతూనే ఉంది. నేను పాట ఆపలేదు.